పూండికి శిల్పి లేడన్న మాట

రైల్వే వాస్తుశిల్పి అనగానే తెలుగు పాఠకుడికి కాచిగూడ గుమ్మటాలు కళ్లముందు మెదులుతాయి, ఆ తర్వాత ముంబయి విక్టోరియా టెర్మినస్, చెన్నై ఎగ్మోరు, కలకత్తాకు ఎదుటి ఒడ్డున ఉన్న హౌరా గుర్తుకొస్తాయి, వాటి వెంటే స్టీవెన్స్, ఇర్విన్, రికార్డో, విన్సెంట్ ఎష్ అనే పేర్లు వరసగా వస్తాయి. ఈ వరస నుంచే ఒక అభిప్రాయం పుట్టి, పర్యాటక వ్యాసాల్లోనూ వారసత్వ కట్టడాల చర్చల్లోనూ పాతుకుపోయింది. రైల్వే వాస్తుకళ మహానగరాల సొత్తు అనీ, దాన్ని సృష్టించేవాడు పేరున్న ఒక్క మనిషి అనీ, ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం రోడ్డు దాకా ఉన్న చిన్న స్టేషన్లు ఎక్కడో గీసిన ఒకే నమూనాను చూసి మేస్త్రీలు లేపిన గోడలే తప్ప వాస్తుకళ కిందికి రావనీ, కనుక వాటిని ఉంచినా పడగొట్టినా చరిత్రకు వచ్చే లోటు లేదనీ ఆ అభిప్రాయం సారాంశం. దాని ప్రకారం శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం పల్లెల వాళ్లు రైలెక్కే పూండి స్టేషనుకు శిల్పి లేడు, నౌపడకు లేడు, పలాసకూ లేడు.

ఈ మాట తప్పు. పైగా ఇది ఎవరికీ నష్టం కలిగించని తప్పు కూడా కాదు. ఒక కట్టడాన్ని ఎవరూ ఆలోచించి గీయలేదని ఒప్పుకుంటే, అందులోని మంచికి మెప్పు ఎవరికీ దక్కకపోవడం అటుంచి, అందులోని అన్యాయానికి జవాబు చెప్పవలసినవాడు కూడా మాయమైపోతాడు. ఇక్కడ వాస్తుకళ అన్న మాటను దిక్కులూ శకునాలూ చూసే వాస్తుశాస్త్రం అనే అర్థంలో వాడడం లేదు. మనుషులు ఎక్కడ నిలబడాలి, ఏ దారిన నడవాలి, వాన ఎక్కడ పడాలి, నీళ్లు ఎటు పోవాలి, ఏ సరుకుతో కడితే ఎన్నాళ్లు నిలుస్తుంది అనే నిర్ణయాలన్నీ కలిసి ఒక కట్టడంగా రూపుదిద్దుకునే విద్య అన్న అర్థంలోనే వాడుతున్నాం. ఆ అర్థంలో చూస్తే పూండి స్టేషను నిర్ణయాల మూట. ఆ సంగతికి మొదటి సాక్షి, విచిత్రంగా, కాచిగూడను కట్టిన విన్సెంట్ ఎషే.

విన్సెంట్ జెరోమ్ ఎష్ 1876లో ఇంగ్లండులో పుట్టి 1950లో చనిపోయాడు. హైదరాబాదు చరిత్రలో ఆయన పేరు ఉన్నత న్యాయస్థానం, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ స్టేషన్లతో ముడిపడి ఉండడంతో, ఆయన్ని నవాబుల కొలువులో మొగలాయి సొగసులు దిద్దిన కళాకారుడిగా చూడడం అలవాటైపోయింది. ఆయన చేతికి పని నేర్పింది మాత్రం రాజాస్థానం కాదు, రైల్వే. 1899లో ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వేలో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాడు. పెద్ద ఎత్తున కట్టడం పని నడిపించడమంటే ఏమిటో, సరుకు ఎక్కడి నుంచి రావాలో, ఎంత బరువుకు ఎంత పునాది కావాలో ఆయనకు అక్కడే వంటబట్టింది. 1902లో వాస్తుశిల్పి విలియం ఎమర్సన్ తన కలకత్తా విక్టోరియా మెమోరియల్ నమూనాకు చిత్రాలు గీయడానికి ఆయన్ని పిలిచాడు. 1903 ఢిల్లీ దర్బారుకు తాత్కాలిక ప్రదర్శనశాల ఆయనే రూపొందించాడు. మెమోరియల్ పునాదుల సమస్యలో ప్రవీణుడనిపించుకున్నాక 1909లో ఆ నిర్మాణానికి పర్యవేక్షక వాస్తుశిల్పి అయ్యాడు. పాలరాతి గుమ్మటాన్ని చూసి మురిసే జనం ఎమర్సన్ పేరే తలుచుకుంటారు, కలకత్తా ఒండ్రుమట్టిలో ఆ బరువు కుంగిపోకుండా నిలవడంలో మాత్రం రైల్వేలో పాఠం నేర్చిన ఎష్ చేయి ఉంది.

ఉద్దానానికి సంబంధించిన ముడి ఇక్కడే ఉంది. కటకం నుంచి విజయవాడ దాకా 1893కూ 1896కూ నడుమ ప్రభుత్వం వేసిన ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. పలాస, పూండి, నౌపడ అప్పటికి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉన్నా, వాటి నక్షాలూ లెక్కలూ ఆజ్ఞలూ కలకత్తా నుంచి రావడం మొదలైంది. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయాన్ని కలకత్తాలోని గార్డెన్ రీచ్‌లో, హుగ్లీ నది ఒడ్డున, ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో రూపొందించినవాడు ఎషే. 1944లో కంపెనీ పోయి సర్కారు వచ్చింది, 1952లో తూర్పు రైల్వే అయింది, 1955లో ఆగ్నేయ రైల్వే అయింది, 2003 ఏప్రిల్‌లో భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా పూండి ప్లాట్‌ఫారం మీద ఒక బల్ల వేయాలన్నా ఆ మాట చివరకు చేరేది కలకత్తాకే. ఎష్ పూండి గోడ గీశాడని ఇక్కడ వాదించడం లేదు. కాచిగూడ శిల్పినీ పూండి స్టేషనునూ రెండు వేర్వేరు లోకాలకు చెందినవాటిగా చూపే వాళ్లు, ఆ రెండింటికీ బడి ఒక్కటేనన్న సంగతి మరుస్తున్నారని చెప్పడమే ఉద్దేశం.

కాచిగూడనే తీసుకుందాం. 1914 ప్రాంతంలో ఎష్ నిజాం కొలువులోకి వచ్చాక కట్టిన మొదటి పనుల్లో అది ఒకటి, 1916 నాటిది. దాని గురించి రాసేవాళ్లు మధ్య గుమ్మటాన్నీ పక్క గుమ్మటాలనూ మినార్లనూ లెక్కపెట్టి, ఇండో సారసెనిక్ శైలి అని పేరు పెట్టి ఊరుకుంటారు. ఇండో సారసెనిక్ అంటే యూరపు పద్ధతిలో కట్టిన దేహానికి మొగలాయి, రాజపుత్ర, దక్కను కట్టడాల నుంచి తెచ్చిన తోరణాలూ గుమ్మటాలూ తొడగడం. ఆ కాలంలో మద్రాసు నుంచి లాహోరు దాకా సర్కారు కట్టడాలు ఎన్నో అలాగే వచ్చాయి, కాబట్టి అందులో ఎష్ ప్రత్యేకత ఏమీ లేదు. ఆయన ప్రత్యేకత సరుకులో ఉంది. కాచిగూడ స్టేషను ముందే పోసిపెట్టుకున్న కాంక్రీటు భాగాలతో లేచింది. కమ్మీలు అమర్చిన అచ్చుల్లో కాంక్రీటు పోసి, ఆరబెట్టి, గట్టిపడ్డాక ఒక్కో ముక్కనూ తెచ్చి అతికించే ఈ పద్ధతిని ఇప్పుడు ప్రీకాస్ట్ అంటున్నారు, మెట్రో స్తంభాల మీద వంతెన ముక్కలు పెట్టేటప్పుడు నగరవాసులు రోజూ చూస్తున్నారు. నూరేళ్ల కిందట ఈ దేశంలో ఒక స్టేషను మొత్తానికి దాన్ని వాడడం కొత్త సాహసం.

ఆ పద్ధతి వెనుక ఉన్న ఆలోచన ఏమిటి? ఒకే ముక్కను ఒకసారి బాగా ఆలోచించి గీయాలి, అచ్చు చేయాలి, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పోయాలి. ఇది రాజమందిరాలు కట్టేవాడి ఆలోచన కాదు. వందల మైళ్ల దారిలో పది మైళ్లకొక స్టేషను లేపవలసిన రైల్వేవాడి ఆలోచన. కాచిగూడలో తోరణాన్ని అచ్చు పోసినట్టే, రైల్వే నక్షా ఆఫీసులో స్టేషను మొత్తాన్నే అచ్చు పోసేవాళ్లు. పూండి నమూనా స్టేషను కనుక అది వాస్తుకళ కాదని కొట్టిపారేసేవాళ్లు, అదే నమూనా బుద్ధి వల్ల పుట్టిన కాచిగూడను ఆకాశానికి ఎత్తుతున్నారంటే, వాళ్లు మెచ్చుకుంటున్నది శిల్పిని కాదు, పైన వేసిన పూతను.

ఒక్క శిల్పి, ఒక్క పేరు అన్న లెక్క కూడా నిలిచేది కాదు. హైదరాబాదు ఉన్నత న్యాయస్థానం ఎష్ ఖాతాలో పడినా, దాని నక్షా జైపూరుకు చెందిన శంకర్‌లాల్ గీశాడని, దాన్ని అమలుపరిచినవాడు స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ అని నమోదై ఉంది. విక్టోరియా టెర్మినస్ స్టీవెన్స్ పేరున వెలుగుతుంటే, పక్కన నిలబడి పని నడిపిన సహాయక ఇంజనీరు సీతారాం ఖండేరావును తలిచేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. గోదావరి మీద 1897లో మొదలై 1900లో పూర్తయిన 56 ఖానాల వంతెనను రూపొందించి కట్టించిన ఇంజనీరు గ్రాన్విల్ వాల్టన్, అయినా వంతెనకు దక్కింది గవర్నరు హేవ్‌లాక్ పేరు. పేరు ఎవరిదైతే పని వాళ్లదే అనుకునే చరిత్ర, పేరు లేని చోట పనే లేదని తీర్మానించడం సహజమే; ఆ తీర్మానం వల్లే శ్రీకాకుళం తీరం ఖాళీగా కనిపిస్తోంది.

నౌపడ విషయంలో ఈ ఖాళీని ఇంకో కథతో నింపారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన చిన్న రైలును రాజావారి సరదా అనడం వాడుక అయిపోయింది. దీనికి ఆధారం పర్లాకిమిడి మహారాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ సొంత ఖర్చుతో ఆ దారి వేయించడమే. ఆ ఖర్చు 7 లక్షల రూపాయలు, దారి పొడవు 25 మైళ్లు, అంటే సుమారు 40 కిలోమీటర్లు. 1898లో సర్వే మొదలై 1900 ఏప్రిల్ 1న రాకపోకలు ప్రారంభమయ్యాయి. కిలోమీటరుకు పదిహేడు వేల అయిదు వందల చొప్పున పడిన ఈ లెక్కే సరదా వాదానికి జవాబు. సరదాకు వేసేవాడు పొదుపు చూడడు. ఇక్కడ ప్రతి నిర్ణయమూ పొదుపు నుంచే పుట్టింది: పెద్ద దారి గేజు, అంటే రెండు పట్టాల నడుమ దూరం, 5 అడుగుల 6 అంగుళాలు ఉంటే, దీనికి 2 అడుగుల 6 అంగుళాలే పెట్టారు. గేజు సన్నబడితే కట్ట సన్నబడుతుంది, వంతెనలు చిన్నవవుతాయి, ఇంజను తేలికవుతుంది, మలుపు తక్కువ జాగాలో తిరుగుతుంది. తొలి ఏళ్లలో నష్టం వచ్చినా 1910 తర్వాత కొద్దిపాటి లాభం చూసిన ఆ దారిని 1929కీ 1931కీ నడుమ గుణుపురం దాకా పొడిగించారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లా చీలినప్పుడు పర్లాకిమిడి అటు, టెక్కలి, నౌపడ ఇటు మిగిలాయి. రాష్ట్రాలు విడిపోయినా టెంబూరు, పాతపట్నం ప్రయాణికులకు అదే బండి, అదే దారి. 2004లో చిన్న దారి ఆగింది, 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా పెద్ద గేజు తెరుచుకుంది. నూటనాలుగేళ్లు జనాన్ని మోసినదాన్ని బొమ్మ అనడం ఆ జనాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే.

నౌపడలో నిజంగా చూడవలసిన వాస్తుకళ ఏమిటో ఆ సరదా కథ కనిపించనివ్వదు. రెండు గేజులు కలిసే చోట ఏ పెట్టే ఇటు నుంచి అటు పోలేదు. బియ్యం బస్తా అయినా, కొండల నుంచి దిగిన కలప అయినా, ఉప్పుమళ్ల నుంచి వచ్చిన ఉప్పు అయినా ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి మనిషి భుజం మీదే ఎక్కించాలి. పెద్ద బండి నేల ఎత్తు ఒకటి, చిన్న బండి నేల ఎత్తు ఇంకొకటి. ఆ రెండింటి నడుమ కూలీ ఎన్ని అడుగులు వేయాలి, బస్తాతో ఎంత ఎత్తు ఎక్కాలి, వానొస్తే ఉప్పు కరగకుండా కప్పు ఎక్కడిదాకా రావాలి అన్నవన్నీ ఎవరో కూర్చుని లెక్కగట్టవలసిన సంగతులు. ఆ లెక్క రెండంగుళాలు తప్పితే ఆ భారం రోజంతా బస్తాలు మోసే నడుము మీద పడుతుంది. గుమ్మటం ఎత్తు రెండంగుళాలు తప్పితే ఎవరికీ ఏమీ కాదు.

ఇప్పుడు నమూనా అన్న మాట దగ్గరికి రావాలి, ఎందుకంటే ప్రచారంలో ఉన్న అభిప్రాయానికి అసలు బలం అదే. రైల్వేలో టైప్ డిజైను అంటే స్టేషన్లను రాకపోకల మోతాదును బట్టి తరగతులుగా విడగొట్టి, ఒక్కో తరగతికి ఒక నక్షా ముందే గీసిపెట్టుకోవడం. స్టేషను మాస్టరు గది, దాన్ని ఆనుకుని టిక్కెట్ల గది, ముందు వరండా, కాస్త పెద్ద ఊరైతే విడిగా ఆడవాళ్ల గది, వెనక సిబ్బంది ఇళ్లు, ఆవిరి ఇంజన్ల కాలంలో నీళ్ల ట్యాంకు. ఈ వరస ఖరగ్‌పూరు దగ్గరైనా పలాస దగ్గరైనా దాదాపు ఒకటే. కాబట్టి ఇందులో ఊరి ముద్ర లేదని వాదిస్తారు.

ఆ వాదనను ఒప్పుకోవడానికి ముందు వరండాలో నిలబడి చూడాలి. మాస్టరు గది కిటికీ ప్లాట్‌ఫారానికి రెండు వైపులా చూపు సాగేలా ఎందుకు ముందుకు పొడుచుకొచ్చింది? ఒంటి దారి మీద ఎదురెదురుగా బండ్లు నడిపే రోజుల్లో, కుర్చీ లోంచి లేవకుండానే రెండు సిగ్నళ్లూ కనిపించడం ప్రాణాలకు సంబంధించిన సంగతి. వరండా కప్పు గోడకన్నా బాగా ముందుకు ఎందుకు వంగింది? అక్టోబరు వానలు ఈ తీరంలో నిలువుగా పడవు, సముద్రం వైపు నుంచి ఏటవాలుగా కొడతాయి. కంచెకు పాతిన స్తంభాలూ వరండా దూలాలూ అరిగిన పట్టాల ముక్కలే ఎందుకయ్యాయి? చెద తినే కర్ర కన్నా, దూరం నుంచి తెప్పించే ఇనుము కన్నా, దారిలోనే దొరికే పాత పట్టా చవక, దిట్టం. ఇంకా దగ్గరికి వెళితే, వరండా దూలానికి ఒక మూర పొడవు పట్టా ముక్క తీగతో వేలాడుతూ ఉండేది, పక్కనే ఒక ఇనుప కడ్డీ. బండి ముందు స్టేషను వదిలిందని కబురు రాగానే పోర్టరు దాన్ని కొట్టేవాడు. ఆ గంటను ఎవరూ పోత పోయలేదు, కొనలేదు. బండ్లను మోసి అరిగిపోయిన ఇనుమే బండి వస్తోందని చెప్పే గొంతు అయింది. దాని మోత విని తోటల్లోంచి పనసకాయల గంపతో పరుగెత్తినవాళ్లకు టైము టేబులు అక్కరలేకపోయింది. ఇలాంటి వస్తువును ఊహించగలిగినవాడు, అతని పేరు ఏ శిలాఫలకం మీదా లేకపోయినా, శిల్పి కాడనడానికి ఏ కొలత సరిపోతుంది?

నమూనా అంటే ఆలోచన లేకపోవడం కాదు, ఒకచోట చేసిన ఆలోచనను వందచోట్ల పరీక్షకు పెట్టడం. ఈ సంగతి ఉద్దానం వాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు కూడా నమూనాయే. గుండ్రటి మట్టిగోడ, దాని మీద శంకువులా లేచి నేలకు జానెడు ఎత్తుదాకా దిగే తాటాకు కప్పు. గాలికి అడ్డంగా మూల లేదు, గాలి చొరబడి కప్పును ఎగరేసే సందు లేదు. దాన్ని ఏ ఒక్కడూ గీయలేదు, ఏ రెండు ఇళ్లూ వేరు కావు, అయినా అది వాస్తుకళ కాదనే ధైర్యం ఈనాడు ఏ విశ్వవిద్యాలయానికీ లేదు. పల్లె ఇంటికి ఇచ్చిన గౌరవాన్ని పల్లె స్టేషనుకు ఇవ్వకపోవడానికి ఒకే కారణం కనిపిస్తుంది: మొదటిదాన్ని జానపదమని, రెండోదాన్ని సర్కారు సామానని పేరు పెట్టి వేరు చేశారు.

అయితే నమూనా స్టేషన్లను మెచ్చుకోవడంతో పని అయిపోదు, ఎందుకంటే ఆ నక్షాల్లో క్రూరత్వం కూడా గీసి ఉంది. మొదటి తరగతి వాళ్లకు పేము కుర్చీలతో గది, మూడో తరగతి వాళ్లకు గోడల్లేని చూరు. మొదటి తరగతికి వేరే ద్వారం, మూడో తరగతికి జానెడు కిటికీ ముందు తోపులాట. ప్రయాణికుల నుంచి వచ్చిన ఆదాయంలో పెద్ద వాటా ఆ మూడో తరగతి టిక్కెట్లదే. గాంధీ 1917లో మూడో తరగతి ప్రయాణం మీద ప్రత్యేకంగా చిన్న పుస్తకం వేసి మరీ దీన్ని ఎండగట్టవలసి వచ్చింది. దారి కట్ట సంగతీ అంతే. మహేంద్రగిరి వైపు నుంచి దిగే వాగులన్నీ తూర్పుగా సముద్రానికి పోవాలి, దారి మాత్రం తీరానికి సమాంతరంగా ఉత్తర దక్షిణాలుగా పడుకుంది. ఏ వాగుకు ఎంత వెడల్పు తూము వదలాలన్నది ఆనాడు నక్షా బల్ల దగ్గర తేలింది. తక్కువ వదిలిన చోట కట్టకు పడమర వైపు పొలం మునుగుతుంది, ఎక్కువ వదిలిన చోట ఖర్చు పెరుగుతుంది. రైతు పొలానికీ కంపెనీ ఖర్చుకూ నడుమ ఎవరి వైపు మొగ్గారన్నది ఆ తూముల వెడల్పులోనే కొలిచి చూడవచ్చు. శిల్పి లేడన్న అభిప్రాయం ఈ కొలతనే అడ్డుకుంటుంది. ఎవరూ నిర్ణయించలేదంటే మూడో తరగతి మనిషిని ఎండలో నిలబెట్టింది ఎవరు? పొలం ముంచింది ఎవరు? రైల్వే అంటే తెల్లవాడి వరమని మురిసేవాళ్లూ, రైల్వే అంటే దోపిడీయేనని తేల్చేసేవాళ్లూ ఈ ఒక్క విషయంలో కలిసిపోయి, నక్షా తెరిచి చూడకుండానే తీర్పు చెబుతున్నారు.

ఈ అభిప్రాయపు ఫలితం ఇప్పుడు కట్టడాల మీదికే వచ్చింది. 2023 నుంచి నడుస్తున్న అమృత్ భారత్ స్టేషన్ పథకంలో పలాస, నౌపడ, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం రోడ్డు ఉన్నాయి. పథకం చెప్పుకున్న లక్ష్యాల్లో లిఫ్టులు, మరుగుదొడ్లు, వెడల్పాటి నడక వంతెనలు, విశ్రాంతి గదులు ఉన్నాయి. అవి కావలసినవే, ఏనాడో రావలసినవే. కానీ వాటితోపాటే ముఖద్వారాన్ని స్థానిక సంస్కృతి ఉట్టిపడేలా తీర్చిదిద్దడం అన్నది కూడా ఉంది, అక్కడే కాచిగూడ గురించిన పొరపాటు అభిప్రాయం కొత్త వేషంలో తిరిగివస్తోంది. వాస్తుకళ అంటే ముందు గోడ మీది అలంకారమే అనుకున్న చోట, స్థానికత అంటే ఆ గోడ మీద గోపురం ఆకారమో, దీపాల వరసో అతికించడమే అవుతుంది. ఎష్ నుంచి నేర్చుకోదగినది గుమ్మటమే అని చెప్పిన చరిత్రకారుడు, తెలియకుండానే ఈ నక్షా మీద సంతకం పెట్టినట్టు.

పలాసకు స్థానికత ఏమిటో ముఖద్వారం చెప్పలేదు, ప్రయాణికులే చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకు ఒరిగిపోయాయి, బండ్లు ఆగిపోయాయి. అలాంటి గాలి మళ్లీ వచ్చేదే. ఈ తీరంలో స్టేషను కప్పు మొదట జవాబు చెప్పవలసింది ఆ గాలికి. పల్చటి రేకులూ అద్దాల పలకలూ ఏ అలంకారానికి పనికొచ్చినా ఆ జవాబుకు పనికిరావు. ఇంకొక సంగతి ఉద్దానానిది మాత్రమే. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని మూత్రపిండాల జబ్బుతో ఈ పల్లెలవాళ్లు ఏళ్ల తరబడి వైద్యానికి విశాఖపట్నం దాకా తిరిగారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలయ్యాక ఇప్పుడు రోగులు ఆ స్టేషనులో దిగడం కూడా మొదలైంది. డయాలసిస్ అయ్యాక మనిషికి ఒంట్లో సత్తువ ఉండదు. పది మెట్లు కొండ అవుతాయి, నిలబడ్డ పావుగంట పూటలా గడుస్తుంది. అలాంటి మనిషికి ఆనుకోవడానికి వీపు ఉన్న బల్ల, అది కూడా నీడలో, ఆటో దిగిన చోటు నుంచి పెట్టె తలుపు దాకా మెట్టు లేని దారి కావాలి. బతుకుతెరువుకు హైదరాబాదుకూ చెన్నైకీ వలస వెళ్లే కుటుంబాలకు రాత్రంతా మూటలు దించుకుని పడుకునే చదునైన నేల కావాలి. చేపల గంపలతో వచ్చే ఆడవాళ్లకు గంప దించుకునే అరుగు, నడుం ఎత్తున, కావాలి. ఆ అరుగు ఎత్తు సరిగ్గా ఉంటే గంపను ఇంకొకరు పట్టుకోనక్కరలేకుండా ఒక్కతే తలకెత్తుకోగలదు. నౌపడ సరుకుల రేవులో రెండు నేలల ఎత్తుల నడుమ ఉన్న లెక్క లాంటిదే ఇది, ఎష్ కాచిగూడ తోరణానికి అచ్చు గీసేటప్పుడు వేసుకున్న లెక్క లాంటిదే.

పూండి ఆ పథకం జాబితాలో లేదు. శిల్పి లేని స్టేషనుకు ఎవరూ డబ్బు కేటాయించకపోవడంలో వింత లేదు. జాబితాలో లేకపోవడం వల్ల దానికి ఒక మేలు మాత్రం మిగిలింది: కొత్త ముఖద్వారం దాన్ని కప్పేయకముందే కొలిచి గీసుకునే వ్యవధి ఇంకా ఉంది. రాష్ట్రంలోని వాస్తుకళా కళాశాలలు చార్మినారుకూ లేపాక్షికీ విద్యార్థులను తీసుకెళ్లి కొలతలు గీయిస్తున్నాయి. అదే టేపు, అదే కాగితం పట్టుకుని రెండు రోజులు పూండిలో, రెండు రోజులు నౌపడలో, ఒక వారం నౌపడ నుంచి పాతపట్నం దాకా పాత చిన్న దారి కట్ట వెంట తిరిగితే చాలు. వరండా చూరు ఎన్ని అడుగులు ముందుకు వచ్చిందో, టిక్కెట్ల కిటికీ నేలకు ఎంత ఎత్తున ఉందో, ఏ వాగు దగ్గర తూము ఎంత వెడల్పో, పట్టా ముక్కల స్తంభాలు ఇంకా ఎన్ని నిలబడి ఉన్నాయో రాసుకోవాలి. వయసు మళ్లిన పోర్టర్లనూ గ్యాంగుమెన్లనూ కూర్చోబెట్టి, ఏది ఎందుకు అలా కట్టారో వాళ్ల మాటల్లోనే అడిగి తెలుసుకోవాలి.